వేడెక్కాక మాత్రమే తప్పే గేర్‌బాక్స్ సెన్సార్: విప్పక తప్పదా?

ప్రశ్న (హనుమకొండ)
నమస్కారం. మాది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్ కారు, 92,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో ఎంత తిప్పినా ఇబ్బంది లేదు గానీ, కరీంనగర్ బయలుదేరి హసన్‌పర్తి దాటి ఎల్కతుర్తి సమీపించేసరికి ఒక్క కుదుపు వచ్చి, ఇంజిన్ లైటు వెలిగి, బండి ఒకే గేరులో ఉండిపోతోంది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే స్కానర్‌లో పీ0717 అనే కోడ్ వచ్చింది. ఒక వర్క్‌షాపు వారు గేర్‌బాక్స్ విప్పాల్సిందే అంటున్నారు, కానీ వారి దగ్గర నిలబెట్టిన రోజున లోపం ఒక్కసారీ బయటపడలేదు. విప్పించే ముందు ఏమేమి చూడాలి?

సమాధానం (కాజీపేట)
చల్లని బండిలో వేడి జబ్బు దొరకదు. పీ0717 అంటే టర్బైన్ స్పీడ్ సెన్సార్ (టార్క్ కన్వర్టర్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్టు వేగాన్ని కొలిచేది) నుంచి సంకేతం అందలేదని మాత్రమే. సెన్సారే పోయిందని గానీ, లోపల క్లచ్చులు అరిగాయని గానీ ఆ కోడ్ చెప్పదు. కోడ్‌ను చెరిపేయకముందే దానితోపాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు (లోపం వచ్చిన క్షణంలో ఉన్న రీడింగులు) రాసిపెట్టుకోండి. తర్వాత స్కానర్ పట్టుకొని పక్కన ఒకరు కూర్చోగా, ఇంజిన్ ఆర్‌పీఎం, టర్బైన్ వేగం, అవుట్‌పుట్ షాఫ్టు (గేర్‌బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్లేది) వేగం మూడింటినీ గ్రాఫ్‌గా పెట్టి అదే దారిలో వెళ్లండి. మిగతా రెండూ నిలకడగా ఉండగా టర్బైన్ గీత ఒక్కటే సున్నాకు పడి రెప్పపాటులో లేచిందంటే అది తీగలదో, కనెక్టర్‌దో, సెన్సార్‌దో అయిన విద్యుత్ లోపమే. తిరుగుతున్న ఇనుప షాఫ్టు అలా ఆగి, అంతలోనే అదే వేగం అందుకోలేదు కదా!

సమాధానం (కరీంనగర్)
సెన్సార్ రెండు తీగలదైతే లోపల ఉండేది సాధారణంగా రాగి చుట్టే కాబట్టి, చల్లగా ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి ఓమ్స్ (విద్యుత్ నిరోధం) కొలవండి. వేడికి కొంత పెరగడం సహజం. మీటరు ఏమీ చూపకపోతే చుట్టు తెగినట్టు. మూడు తీగలుంటే సాధారణంగా హాల్ రకం (చుట్టు బదులు కరెంటుతో పనిచేసే చిప్ ఉండేది), దానికి ఈ కొలత పనికిరాదు. కరెంటు సరఫరా, ఎర్త్, సంకేతం విడివిడిగా చూడాలి. కొత్త సెన్సార్ కొనకముందే కనెక్టర్ ఊడదీసి, పిన్నులు వదులయ్యాయా, ఆయిల్ చేరిందా చూసి, గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్ వైపు మీటరు తగిలించి తీగను అంగుళం అంగుళం కదిలించండి.

ప్రశ్న అడిగినవారు
ఆదివారం వెళ్లాం. ఎల్కతుర్తి దాటాక టర్బైన్ గీత రెండుసార్లు సున్నాకు పడింది, మిగతా రెండూ కదలలేదు. మాది రెండు తీగల సెన్సారే. చల్లగా 410 ఓమ్స్, వేడిగా 495, రెండుసార్లూ నిలకడగానే ఉంది. కంప్యూటర్ వైపు నుంచి కొలుస్తూ తీగను కదిలిస్తే మాత్రం, అది బ్రాకెట్ అంచును రాసుకుంటున్న చోట అంకె మాయమైంది. పైతొడుగు చూడటానికి బాగానే ఉంది, కోసి చూస్తే చిలుము పట్టిన రాగి పోగులు రెండో మూడో మిగిలాయి. ఆటో ఎలక్ట్రీషియన్ చేత కొత్త ముక్క వేయించి, టంకం పెట్టించి, బ్రాకెట్‌కు దూరంగా కట్టించాను. ఆ తర్వాత మూడుసార్లు కరీంనగర్ వెళ్లి వచ్చాను, కోడ్ మళ్లీ రాలేదు.