చెక్క బాణాలకి ఈకలు: కుడి రెక్కవా, ఎడమ రెక్కవా? 4 అంగుళాలా, 5 అంగుళాలా?

గురితప్పినోడు:
అందరికీ నమస్తే. టెక్సాస్‌లో ఉంటాను, విల్లు పట్టి ఏడాది కావస్తోంది. 45 పౌండ్ల బలంతో లాగాల్సిన రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు), గురి చూసే సైట్ లేదు, బాణం ఆనించే రెస్ట్ లేదు, షెల్ఫ్ మీద, అంటే విల్లు పిడి పైనున్న గట్టు మీద బాణం పెట్టి వేసేయడమే. మొన్నటిదాకా కార్బన్ బాణాలు, ప్లాస్టిక్ వేన్స్‌తో (ఈకల బదులు తోకకి అంటించేవి) లాగించాను కానీ ప్రతి బాణం విల్లు దాటేటప్పుడు టప్పున తగిలి తోక ఊపుకుంటూ పోతుంది. ఈకలు పెట్టుకో అని అందరూ అన్నారు, సరే మొదటి నుంచీ మనమే చేసుకుందామని డజను సీడార్ పుల్లలు తెప్పించా. ఇక్కడే బుర్ర తిరిగింది. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ రెక్క ఈకలే వాడాలని ఒకడంటాడు, కాదు కుడి రెక్కవే అని ఇంకొకడంటాడు. 4 అంగుళాలదా 5దా, ఆకారం షీల్డ్ కట్టా (వెనక కొస కోసుగా) పారబోలికా (గుండ్రంగా), ఏదీ తేలడం లేదు.

తెలిసినాయన పొలంలో టర్కీ కోళ్లు పెంచుతాడు, ఒక సంచీడు రెక్క ఈకలు ఊరికే ఇచ్చాడు. వాటిని చీల్చి, కత్తిరించి, ఇప్పటికి మూడు బాణాలు చేశా. రెండు బుద్ధిగానే పోతున్నాయి, మూడోది మాత్రం తాగినోడిలా ఊగుతూ పోతోంది. అదే పుల్ల, అదే ములుకు, అదే జిగురు. ఇంకో సంగతి, మా అపార్ట్‌మెంట్ వెనక చెరువు దగ్గర కెనడా గూస్ ఈకలు కుప్పలుగా రాలి ఉంటాయి. గట్టిగా, నున్నగా భలే ఉన్నాయి. వాడొచ్చా?

మిషిగన్‌మామ:
ముందు ఆ చెరువు ఈకల సంగతి. ముట్టుకోకు బాబూ. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ఒకటుంది, కెనడా గూస్, గద్ద, గుడ్లగూబ అన్నీ దాని కిందకే వస్తాయి, నేల మీద రాలిన ఈక ఏరుకుని ఇంట్లో పెట్టుకున్నా తప్పే. నువ్వు చంపలేదు కదా అన్న వాదన అక్కడ చెల్లదు. పెంపుడు టర్కీకి ఆ గొడవ లేదు, అందుకే ఇక్కడ విలుకాళ్లందరూ టర్కీ మీద పడ్డారు. పైగా దాని రెక్క చివరి పెద్ద ఈకలు పొడుగ్గా, బిరుసుగా ఉంటాయి, ఒక ఈకలోంచి 5 అంగుళాల ముక్క హాయిగా వస్తుంది.

కుడీ ఎడమా గొడవకి నా జవాబు ఏదైనా ఒకటే. నీ చేతివాటానికీ దానికీ సంబంధం లేదు. ఎడమ రెక్క ఈక పెడితే బాణం వెనక నుంచి చూసినప్పుడు గడియారానికి ఎదురు తిరుగుతుంది, కుడి రెక్కదైతే గడియారంతో పాటు తిరుగుతుంది, అంతే తేడా. కానీ ఒకే బాణం మీద రెండూ కలిపావో చచ్చావే. ఒక ఈక ఇటు తిప్పుదామంటుంది, రెండోది అటు లాగుతుంది. మనవాళ్లకి బ్యాడ్మింటన్ షటిల్ చెప్తే తొందరగా అర్థమవుతుంది. దానికి 16 ఈకలుంటాయి, అన్నీ ఒకే వైపు రెక్కవి పెడతారు, అందుకే నున్నగా తిరుగుతూ పోతుంది. వాటిలో రెండు మూడు ఎదురువి గుచ్చి ఆడి చూడు ఏమవుతుందో.

నీ మూడో బాణం కథ ఇదేనని నా అనుమానం. సంచీలో రెండు రెక్కలవీ కలిసే ఉంటాయి. చీల్చని ఈక తీసుకుని కొస పైకి ఉండేలా పట్టుకో. నడిమి ఈనెకి ఒకవైపు సన్నటి గాడి కనిపిస్తుంది, ఆ గాడి ఉన్న వైపు నీకు అవతలికి తిప్పు. ఇప్పుడు ఈనెకి రెండు పక్కలా చూస్తే ఒక అంచు సన్నం, ఒక అంచు వెడల్పు. సన్నటి అంచు ఎడమ పక్క ఉంటే అది కుడి రెక్క ఈక, కుడి పక్క ఉంటే ఎడమ రెక్క ఈక. చీల్చేశాక ఈ గుర్తు పోతుంది, అప్పుడు పక్కపక్కన పేర్చి వంపు ఎటుందో చూసుకోవాల్సిందే. అందుకే చీల్చక ముందే రెండు డబ్బాల్లో వేసుకో.

సైజు. 45 పౌండ్లు, చెక్క బాణం, చేత్తో మొదటిసారి కట్టుకుంటున్నావు కాబట్టి 5 అంగుళాలవి మూడు పెట్టు, కాస్త ఏటవాలుగా. ఈక పని బాణం తోకని వెనక్కి పట్టి ఉంచడం, ఎంత పెద్దదైతే అంత తొందరగా బాణం సర్దుకుంటుంది, 15, 20 గజాల్లో అదే కావాలి మనకి. వెడల్పు బ్లేడు ములుకులు పెట్టే వాళ్లకైతే పెద్ద ఈక తప్పనిసరి, ముందున్న బ్లేడు కూడా గాలిని పట్టి బాణాన్ని పక్కకి లాగుతుంది కాబట్టి. దూరం ఎక్కువైతే పెద్ద ఈక బ్రేకు వేసినట్టే, అప్పుడు 4కో 3కో దిగొచ్చు. షీల్డ్ కట్ అందంగా ఉంటుంది, కాస్త చప్పుడు ఎక్కువ. పారబోలిక్ నిశ్శబ్దం. టార్గెట్ చెవులు మూసుకోదు కదా, నచ్చింది పెట్టుకో.

ప్లాస్టిక్ ఎందుకు టప్పుమంటోందంటే అది వంగదు. షెల్ఫ్ మీంచి వేసినప్పుడు ఈక అయితే విల్లుని రాసుకుని పడుకుంటుంది, దాటగానే లేస్తుంది. ప్లాస్టిక్ గోడకి కొట్టుకున్నట్టు కొట్టుకుని బాణాన్ని తన్నేస్తుంది. బరువు కూడా చూడు, ఈక ఒక్కోటి రెండు మూడు గ్రెయిన్లు (బాణాల బరువు చూసే చిన్న తూనిక), అదే పొడుగు ప్లాస్టిక్ దానికి మూడు రెట్ల పైనే.

బెజవాడ_వెదురు:
తమ్ముడూ, మా అమ్మాయి ఇండియన్ రౌండ్ పోటీల్లో వేస్తుంది, వెదురు విల్లు, 30 మీటర్లు, 50 మీటర్లు. మా బెజవాడలో విలువిద్య అనగానే అందరికీ జ్యోతి సురేఖ గుర్తొస్తుంది కానీ ఆవిడది కప్పీలుండే కాంపౌండ్ విల్లు, ఆ బాణాలకి చిన్న ప్లాస్టిక్ వేన్స్, మన లోకం వేరు.

మామగారు చెప్పనివి రెండు చెప్తా, మా ఇంట్లో దెబ్బ తిని నేర్చుకున్నవే. ఒకటి, ఈక ముందు కొస. జిగురు పెట్టి వదిలేస్తే అక్కడ ఈనె సూదిలా లేస్తుంది. బాణం పిడికిలి పక్కనుంచే పోతుంది కాబట్టి అది ఒకరోజు మా అమ్మాయి బొటనవేలి కింద చర్మంలో దిగబడింది, ఆసుపత్రికి పోయి తీయించాల్సొచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఈకకీ ముందు కొసని బ్లేడుతో ఏటవాలుగా చెక్కి, దారం ఏడెనిమిది చుట్లు చుట్టి, పైన ఒక చుక్క జిగురు వేస్తున్నా. పది నిమిషాల పని, బద్ధకించకు.

రెండోది వాన, పురుగులు. తడిస్తే ఈక తడిసిన కోడిలా అయిపోతుంది, ఆ రోజుకి దాంతో పని లేదు. ఆరాక కూడా వంకర పోకపోతే కంగారు పడొద్దు, ఇడ్లీ పాత్ర మూత తీసి ఆవిరి మీద బాణం తోకని తిప్పుతూ అర నిమిషం పట్టుకుంటే మళ్లీ కొత్తదానిలా విచ్చుకుంటుంది. నలిగిపోయిన వాటికీ ఇదే మందు. ఇక వానలు పోయాక డబ్బా తెరిస్తే ఈకలన్నీ చిల్లులు, పురుగు కొట్టేసింది. ఇప్పుడు బాణాల డబ్బాలో కలరా ఉండలు వేస్తున్నా. వాసన భరించాలి మరి.

ఇక్కడి నుంచి ఎవరితోనైనా నెమలి ఈకలు తెప్పించుకుందామన్న ఆలోచన ఉంటే మానుకో. నెమలి జాతీయ పక్షి, ఈకలు దేశం దాటించకూడదు.

పాతగ్రంథం:
విలువిద్య నాకు రాదు, మాటల పిచ్చి ఉంది, అందుకని దూరాను. బాణం ఈకల్ని ఇంగ్లీషులో ఫ్లెచింగ్ అంటారు కానీ దీనికి తెలుగులో పింజ అనే మాట ఉండేది, సంస్కృతంలో పుంఖం. మనం రోజూ అనే పుంఖానుపుంఖాలు ఇదే, ముందు బాణం పింజని వెనక బాణం తాకుతోందా అన్నంత వరసగా వేయడం. ఇప్పుడు వాట్సాప్ ఫార్వర్డులకి వాడుతున్నాం, అది వేరే బాధ. భారతంలో కంకపత్రాలు కట్టిన బాణాలు వస్తాయి. కంకం అంటే కొంగ జాతి అని కొందరు, రాబందు లాంటిదని కొందరు. కంకుభట్టు గుర్తొచ్చాడా, నాకూ అదే.

దారం మాట వచ్చింది కాబట్టి, ఇంగ్లండ్‌లో 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఓడని 1982లో పైకి తీశారు, అందులో వేలల్లో బాణాలు దొరికాయి. ఈకలు కుళ్లిపోయాయి కానీ వాటిని అంటించిన మైనం, చుట్టిన దారం జాడలు మిగిలాయి. ఆ మైనంలో రాగి చిలుము కలిపేవారట. బెజవాడ అన్న కలరా ఉండల పని అప్పట్లో ఆ చిలుమే చేసేదేమో అని నాకో ఊహ.

గురితప్పినోడు:
మామా, నీ మాటే నిజం! నిన్న రాత్రి ఆ తాగుబోతు బాణం ఈకలు మూడూ పీకి పక్కపక్కన పెట్టి చూశా. రెండిటి వంపు ఒకవైపు, మూడోదాని వంపు దానికి ఎదురు. సంచీ మొత్తం రెండు కుప్పలు చేసేసరికి అర్ధరాత్రి దాటింది, ఇల్లంతా ఈకలే. మూడూ ఎడమ రెక్కవే పెట్టి మళ్లీ కట్టా, దారం కూడా చుట్టా బెజవాడ అన్నా. ఊగడం పోయింది. కానీ ఇప్పుడు మూడు బాణాలూ కలిసికట్టుగా అర అడుగు ఎడమకి పోతున్నాయి. ఇంకా పెద్ద ఈకలు పెట్టాలా?

మిషిగన్‌మామ:
వద్దు. ఇక్కడే అందరూ ఈకల మీద డబ్బు తగలేసేది. పెద్ద ఈక పెడితే తప్పు కనపడకుండా పోతుంది కానీ తప్పు పోదు. ఈకలు లేని ఉత్త పుల్ల ఒకటి, ఈకలున్న రెండిటితో కలిపి 10 గజాల నుంచి వేసి చూడు. నీది కుడిచేతి వాటమే కదా, ఉత్త పుల్ల మిగతా వాటికన్నా ఎడమకి గుచ్చుకుంటే పుల్ల నీ విల్లుకి మరీ బిరుసు. కుడికి పోతే మరీ మెత్తన. బిరుసైతే ముందు బరువు పెంచు. ఇప్పుడు ఎంత ములుకు?

గురితప్పినోడు:
100 గ్రెయిన్లు. వేసి చూశా, ఉత్త పుల్ల ఎడమకే, అదీ బాగా.

మిషిగన్‌మామ:
అయితే 125 పెట్టి చూడు, చాలకపోతే ఇంకా బరువైనది. పొడుగు కొయ్యకు, పొట్టి చేస్తే ఇంకా బిరుసెక్కుతుంది. అది కుదిరాక మిగతా తొమ్మిదిటికీ ఈకలు అంటించు. మూడు ఈకల్లో ఒకటి తాడు గాడికి అడ్డంగా, విల్లుకి అవతలి వైపు ఉండేలా చూసుకో, గాడికీ ఈక వెనక కొసకీ మధ్య ఒక అంగుళం వదులు, లేకపోతే నీ వేళ్లే ఈకని నలిపేస్తాయి.

గురితప్పినోడు:
125వి ఆర్డర్ పెట్టేశా, శుక్రవారానికి వస్తాయి. చెరువు ఈకలు రెండు ఇంట్లోకి తెచ్చి ఉన్నాను, తెల్లారకముందే పోయి ఎక్కడివక్కడ పడేసి వచ్చా. ఇడ్లీ పాత్ర ప్రయోగం మాత్రం మా ఆవిడ ఆఫీసుకి వెళ్లాకే.