అప్‌డేట్: నెల్లూరు నుంచి భృగు లేక్ ట్రెక్
సముద్రమట్టానికి దగ్గర్లో ఉండే నెల్లూరోళ్లం, జూన్‌లో మనాలి దగ్గరి భృగు లేక్ ఎత్తు తట్టుకోగలమా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం, అందరం క్షేమం!

ఉదయగిరి కోట ఎక్కి ప్రాక్టీస్ చేయమన్న అన్నకి చాలా థాంక్స్. ఎండ ముదరకముందే బ్యాగు బరువుతో ఎక్కేవాళ్లం, కాళ్లు గట్టిపడ్డాయి. ఎత్తుకి అలవాటు పడటం మాత్రం వేరే సంగతి. దానికి ముందుగా మనాలిలో, అంటే సుమారు 2,000 మీటర్ల ఎత్తులో, ఆగడమే పనికొచ్చింది.

నడక మొదలయ్యే గులాబా దాటాక ఎటు చూసినా పచ్చిక బయళ్లు, గొర్రెల మందలు. రోలా ఖోలీ క్యాంపులో తమ్ముడికి తలనొప్పి మొదలైంది, ఎత్తు పడకపోయినా అలా వస్తుంది. తగ్గేదాకా పైకి కదల్లేదు. ట్రెక్ మొత్తంలో మేం చేసిన మంచి పని అదే అంటాను. సరస్సు 4,200 మీటర్ల పైనే, ఇంకా చాలావరకు గడ్డకట్టే ఉంది. ఆ మంచులో మామూలు బూట్లు తడిసిపోతాయి, వాటర్‌ప్రూఫ్‌వే కొనుక్కోండి.