పాడుబడ్డ మేడ పై అంతస్తులో ఫోటోలు: గోడ వారగా నడవాలా?

నీడలవేట: యజమాని అనుమతి ఉంది. పాత మేడ, పైన చెక్క నేల, కప్పు కారుతోంది. పై హాలు ఫోటో తీయాలి. గోడ వారగా నడిస్తే చాలా?

ముక్కాలిపీట: చాలు. దూలం మధ్యలో వంగుతుంది, గోడ దగ్గర వంగదు. మేకుల వరస కిందే దూలం ఉంటుంది, దాని మీదే అడుగెయ్యండి.

చెదపురుగు: అది పొడి ఇంటి లెక్క. కప్పు కారితే గోడ చెమ్మ పీలుస్తుంది, గోడలో దిగిన దూలం కొసే ముందు చీకిపోతుంది. పైన పలక నిక్షేపంలా కనిపిస్తుంది. చెక్కలో తేమ 20 శాతం పైన నిలిస్తే పుచ్చే ప్రమాదం ఉన్నట్టే. ముందు కింది గదిలోంచి పైకి చూడండి. గోడ పక్కన చెమ్మ మరక, రాలిన సున్నం ఉంటే దూలం కొసను సన్న స్క్రూడ్రైవరుతో పొడవండి. మొన సులువుగా దిగబడిందా, పైకి ఎక్కొద్దు.

ముక్కాలిపీట: అయితే మధ్యలో నడవాలంటారు!

చెదపురుగు: ఎక్కడన్నాను? కొస తెగితే మధ్యలో నిలబడ్డవాడితో సహా కిందికొస్తుంది.

దుమ్ముదులుపు: పావురాల రెట్ట ఉంటే ఎన్95 మాస్కు. ఊడవొద్దు, దుమ్ము లేస్తుంది.

ముక్కాలిపీట: పోయిన చర్చలోనూ ఇంతే, మెట్లు ఎక్కడమే నేరమన్నారు. నాలుగు వానలు పడితే ఆ కప్పు మీది సున్నపు పూలు ఉండవండీ. వాటికి ఫోటో రికార్డు అక్కర్లేదా?

చెదపురుగు: రికార్డుకు గుమ్మం చాలు. ట్రైపాడ్, ఐఎస్ఓ 100, ఎఫ్/8, రెండేసి స్టాపుల తేడాతో (స్టాపుకు వెలుగు రెట్టింపు) 5 ఫ్రేములు తీసి ఒకటిగా కలిపితే కిటికీ వెలుగూ మూల చీకటీ రెండూ దక్కుతాయి. 2 సెకన్ల టైమర్ పెట్టి కదలకండి, మెత్తబడ్డ నేల ఊగితే ఫ్రేములు కలవవు. మీకు కావాల్సింది రికార్డు కాదు, హాలు నడిమధ్య నుంచి రెండు పక్కలా సరిసమానంగా వచ్చే ఫ్రేము. అది చూసి వచ్చే ప్రతివాడూ అదే చోట నిలబడతాడు.

ముక్కాలిపీట: అవును, అదే కావాలి! గుమ్మంలోంచి వంకరగా తీసింది ఎవరు చూస్తారు? బాగుచేయించే యజమానైనా ముందు ఫోటో చూసే కదా కదిలేది?

చెదపురుగు: వాళ్లను కదిలించడానికి ఇంకొకడి కాలు విరగాలా?

నీడలవేట: గుమ్మం దగ్గరే ఆగుతాను, వెడల్పుగా పట్టే 16 ఎంఎం లెన్సు ఉంది. కానీ గుమ్మం కూడా గోడలోనే కదా?

చెదపురుగు: మంచి ప్రశ్న. మేకుల వరస గుమ్మం వైపు సాగుతుంటే దూలం కొస సరిగ్గా మీ కాళ్ల కిందే. అప్పుడు మెట్ల చప్టా మీదే ఆగండి, అదీ రాయిదైతేనే.