నలుగురున్న మిల్లులో అందరికీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటే తప్పా?

ఆదోని_జిన్నింగ్: మాది చిన్న పత్తి మిల్లు. ఆఫీసులో నలుగురం, అందరిదీ ఒకటే లాగిన్. సాఫ్ట్‌వేర్ పెట్టే అబ్బాయేమో మనిషికో లాగిన్, పనికో రోల్ అంటున్నాడు. కాటా దగ్గర తూకం ఎంట్రీ వరకే, గుమాస్తాకు బిల్లు, పేమెంట్ ఓనరుకు. సీజన్‌లో ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడతాయి. గుమాస్తా అన్నానికి పోతే బిల్లు ఎవరు కొట్టాలన్నా?

అనంతపురం_కోడర్: కాటా కుర్రోడికి గుమాస్తా రోల్ కూడా ఒక గంటకు ఇవ్వండి, టైమ్ అయ్యాక దానంతటదే పోయేలా. లాగిన్ మాత్రం వాడిదే ఉండాలి. 1992లో డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కూన్ అనే ఇద్దరు అమెరికాలో రాసిన పద్ధతి ఇదే: హక్కు రోల్‌కు ఇస్తారు, రోల్ మనిషికి ఇస్తారు. మనిషి మానేస్తే రోల్ తీసేస్తే చాలు, అందరి పాస్‌వర్డ్‌లూ మార్చే పని లేదు.

ఉల్లి_మండీ_కర్నూలు: చెప్పడానికి బాగుంటుంది సామీ. మా దగ్గరా రోల్స్ పెట్టారు. వారం తిరక్కుండా క్యాషియర్ పాస్‌వర్డ్ చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించారు. నలుగురికి తొమ్మిది రోల్స్! మేము రెండుకు దించాకే కుదిరింది.

కడప_లెక్కలు: రెండైనా సరే, లాగిన్ మాత్రం ఎవరిది వాళ్లకుండాలి. నేను చూసిన ఒక మిల్లులో క్వింటాలు 7,200కు కుదిరిన పత్తికి 7,700 బిల్లు పడింది. 22 క్వింటాళ్లకు 11,000 ఎక్కువ. ఎడిట్ లాగ్, అంటే ఎవరు ఏం మార్చారో సాఫ్ట్‌వేర్ రాసుకునే చిట్టా, తెరిస్తే రేటు మార్చింది 'అడ్మిన్'. ఆ అడ్మిన్ ఐదుగురు! నింద కొత్తగా చేరిన కాటా కుర్రోడి మీద పడింది. వాడే చేశాడో లేదో ఈరోజుకీ తెలీదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి, ఆపడానికి వీల్లేదు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కు ఆ రూల్ లేదు. ఉన్నా, లాగ్ నిండా ఒకే పేరుంటే ఏం చేసుకుంటారు?

ఉల్లి_మండీ_కర్నూలు: లాగిన్ సంగతి ఒప్పుకుంటా. నా గొడవ రోల్స్ లెక్క మీదే.

ఆదోని_జిన్నింగ్: సరే, నాలుగు లాగిన్లు, రెండు రోల్స్ చేయిస్తా. తూకం తప్పు పడితే దిద్దే హక్కు ఎవరికివ్వాలి?

కడప_లెక్కలు: ఎవరికీ వద్దు. ఆ తూకం చీటీ రద్దు చేసి కొత్తది కొట్టండి. రెండూ కనపడాలి.