రోజూ మాత్ర ఎందుకో పిల్లకు ఎలా చెప్పాలి?

కందిచేను:
మా చెల్లెలి కూతురు నా దగ్గరే పెరుగుతోంది. తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. పుట్టుకతోనే హెచ్‌ఐవీ. జూన్‌లో పన్నెండు నిండాయి. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకు మాత్ర వేసుకుంటుంది. ఎందుకని అడిగినప్పుడల్లా, చిన్నప్పుడు నీకు కామెర్లు వచ్చాయి, తిరగబెట్టకుండా వేసుకోవాలి అని చెబుతూ వచ్చాం. పోయిన నెల ఏఆర్‌టీ కేంద్రంలో (హెచ్‌ఐవీ మందులు ఇచ్చే చోట) కౌన్సెలర్, ఇక ఆలస్యం చేయకండి అన్నారు. చెబితే ఈ ఇంట్లో ఉండనని మా అమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. చెప్పాలా వద్దా అని కాదు, ఎలా చెప్పాలని అడుగుతున్నాను. ఇలాంటి పిల్లల్ని పెంచినవారు రాయండి.

మామిడిపూత:
కామెర్లకు పన్నెండేళ్లు మాత్రలా?

కొబ్బరితోట:
అమ్మా, తొందరపడకు. నా మనవడికి పద్నాలుగేళ్లు. వాడికి చెప్పలేదు. మాత్ర నా చేత్తో ఇస్తాను, మింగేదాకా ఎదురుగా నిలబడతాను. ఒక్క పూట తప్పలేదు. పోయిన పరీక్షలో వాడి రక్తంలో వైరస్ కనబడలేదు. మందు పనిచేయడానికి రోగం పేరు తెలియనక్కరలేదు కదా! పిల్లల నోట నువ్వుగింజ నానదు. మా పక్క వీధిలో ఒక పిల్లవాడి సంగతి బయటపడితే బడిలో వాడి పళ్లెం వేరు చేశారు. ఆర్నెల్లకు ఆ కుటుంబం ఊరు వదిలింది. అది నా కళ్లతో చూశాను.

సాయంకాలం:
ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌గా తొమ్మిదేళ్లు పనిచేశాను. పిల్లలకు బడి వయసులోనే, అంటే ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య, వారి స్థితి తెలియజేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. ఒక్కరోజు కూర్చోబెట్టి చెప్పేయడం కాదు. ముందు, నీ రక్తంలో ఒక పురుగు ఉంది, మాత్ర వేసుకున్నంతకాలం అది నిద్రపోతుంది అంటాం. ఆ తర్వాత ఒంట్లోని సిపాయిల కథ చెప్పి, సీడీ4 అంటే ఆ సిపాయిల్లాంటి రక్తకణాలేనని వివరిస్తాం. పేరు చివర వస్తుంది, అప్పటికి పిల్లకు తెలియనిది ఆ పేరొక్కటే. కందిచేను గారూ, మీరు ముందుగా కామెర్ల మాట వెనక్కి తీసుకోవాలి. నిన్ను భయపెట్టడం ఇష్టంలేక అలా చెప్పాను అని మీ నోటితోనే అనండి. మొత్తం చెప్పాక అదే వారంలో మళ్లీ కూర్చోండి. పిల్లలు మొదటిరోజు ఏమీ అడగరు.

కొబ్బరితోట:
ఆరేళ్లా? ఆరేళ్ల పిల్లకు హెచ్‌ఐవీ గురించి చెబుతారా?

సాయంకాలం:
ఆరేళ్లకే పేరు చెప్పమనలేదు. వయసును బట్టి కొంచెం కొంచెంగా అని రాశాను.

కొబ్బరితోట:
ఆరు అని మీరే రాశారు. పైకి వెళ్లి చూసుకోండి. జెనీవాలో కూర్చుని గీత గీసేవారికి మా వీధి అరుగులు తెలుసా?

రాతికోట:
అసలు హెచ్‌ఐవీ చట్టంలో పన్నెండేళ్లని ఉంది.

సాయంకాలం:
అది వేరే సంగతి. 2017 చట్టం 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. హెచ్‌ఐవీ ఉన్న కుటుంబంలో ఇల్లు నడిపే పిల్లకు పన్నెండేళ్లు నిండి, తగిన పరిణతి ఉంటే, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ సంరక్షకురాలిగా సంతకం చేయవచ్చని అందులో ఉంది. నిజం చెప్పే వయసు గురించి కాదు. ఆ చట్టం ప్రకారమే, హెచ్‌ఐవీ ఉందని బడిలో చేర్చుకోకపోవడం నిషిద్ధం. బడికి మనం చెప్పాలన్న నిర్బంధమూ లేదు.

కొబ్బరితోట:
చట్టం వచ్చి పళ్లెం కలుపుతుందా?

కందిచేను:
నేను అడిగింది ఎలా అని. ఆరా పన్నెండా అని కాదు.

ఎర్రమట్టి:
నాకు ఇరవై మూడేళ్లు. పుట్టుకతోనే ఉంది. మా నాన్నమ్మ నావి రక్తహీనత మాత్రలని చెప్పేది. అప్పట్లో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తొమ్మిదో ఏట ఆస్పత్రిలో వరుసలో నిలబడి గోడమీది బోర్డు చదివాను. అంతే, తెలిసిపోయింది. నాన్నమ్మకు మాత్రం నాలుగేళ్లు చెప్పలేదు. తెలిస్తే ఏడుస్తుందని. అన్నకు రాలేదు, నాకెందుకు వచ్చిందని అడగడానికి ఎవరూ లేరు. తల్లికి చికిత్స లేకపోయినా పుట్టే పిల్లలందరికీ సోకదని, వంద మందిలో 15 నుంచి 45 మందికే వస్తుందని చాలా తర్వాత తెలిసింది. అప్పటిదాకా నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను. హాస్టల్లో చేరాక మాత్రలు గోడ అవతలికి విసిరేసేవాడిని. వైరస్ పెరిగి, మొదటి మందులు పనిచేయక రెండో వరుస మందులకు మార్చారు. తాతగారూ, మీ మనవడికి తెలుసు.

కొబ్బరితోట:
నా మనవడి మనసు నీకెలా తెలుస్తుంది బాబూ? ముఖమైనా చూడలేదు. నీ కష్టం నీది, దాన్ని తెచ్చి మా ఇంటిమీద వేయకు.

ఎర్రమట్టి:
పద్నాలుగేళ్లవాడు. నెలనెలా ఆ కేంద్రం గేటు దాటుతున్నాడు. చదవడం వచ్చు కదా?

కొబ్బరితోట:
మందులకు నేనొక్కడినే వెళతాను. పరీక్షలకు మాత్రమే వాడిని తీసుకెళతాను.

ఎర్రమట్టి:
అంటే వాడు చదువుతాడనే భయం మీకూ ఉంది. వాడి కోసమని చెప్పకండి. మీ పరువు కోసం దాస్తున్నారు.

కొబ్బరితోట:
పరువా? కొడుకునూ కోడలినీ పదిహేను నెలల తేడాతో కాటికి మోసినవాడిని. నాకు పరువు గురించి చెబుతావా?

చర్చా నిర్వాహకులు:
మాట తగ్గించండి. ఊరు, ఆస్పత్రి పేర్లు ఎవరూ రాయవద్దు.

మామిడిపూత:
పెద్దాయనను అంత మాట అనకూడదు.

కొబ్బరితోట:
రాత్రి నిద్ర పట్టలేదు. ఉన్నది రాస్తాను. పేరు చెప్పడం ఎంతసేపు? నాలుగు అక్షరాలు. నీకు ఎలా వచ్చిందంటే మీ అమ్మ నుంచి అనాలి. అమ్మకు ఎలా వచ్చిందని వాడు తప్పకుండా అడుగుతాడు. నా కొడుకు లారీ నడిపేవాడు. వాడికి నాన్న అంటే గోడమీది ఫోటో, నేను చెప్పిన నాలుగు మంచి మాటలు. నా చేత్తోనే ఆ ఫోటో దించాలా? కౌన్సెలర్ గారూ, దీనికి మీ సిపాయిల కథలో ఏమైనా ఉందా?

సాయంకాలం:
లేదు. ఆ ప్రశ్న దగ్గర నేనూ చాలాసార్లు తడబడ్డాను. తనకు ఉందని మీ నాన్నకు కూడా తెలియదు, తెలిసేసరికి ఆలస్యమైంది అని చెప్పేదాన్ని. దేశంలో ఉచిత మందులు మొదలైందే 2004లో, అన్ని ఊళ్లకూ అందడానికి ఇంకా ఏళ్లు పట్టింది. చాలామంది విషయంలో అది నిజమే. అందరి విషయంలో కాదు.

ఎర్రమట్టి:
పరువు అన్నందుకు క్షమించండి తాతగారూ. మా నాన్న ఎలాంటివాడో నాకు ఊళ్లోవాళ్లు చెప్పారు. వాళ్లు చెప్పిన తీరు ఇక్కడ రాయలేను.

కందిచేను:
మా అమ్మ బాధ ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. మా చెల్లెలికి ఆ సంబంధం ఆమే చూసింది. గురువారం ఆమెను కేంద్రానికి తీసుకెళుతున్నాను. పిల్లతో కాదు, ముందు ఆమెతో మాట్లాడతామన్నారు. కామెర్ల సంగతి మాత్రం నిన్న రాత్రే పిల్లకు చెప్పాను, అది నిజం కాదని. సరే అంది. మాత్ర వేసుకుని పడుకుంది.

కొబ్బరితోట:
ఎర్రమట్టి బాబూ, ఆ బోర్డు చదివినప్పుడు నీ వయసు తొమ్మిదేనా?

ఎర్రమట్టి:
తొమ్మిదే.