పాత ఫోర్ బై ఫోర్, తక్కువ డబ్బు: ముందు లిఫ్టా, లాకరా?

కొండదారి

14 ఏళ్ల పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి) ఒకటి కొన్నాను. ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), కాయిల్ స్ప్రింగులు, మెల్లగా బలంగా పాకడానికి లో రేంజ్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనకలకు బలం పంచే గేర్ల పెట్టె), ముందు చక్రాలను ఇరుసు నుంచి విడదీయడానికి చేత్తో తిప్పే ఫ్రీవీల్ హబ్బులు. ఎలక్ట్రానిక్ ట్రాక్షన్ కంట్రోల్ లేదు. టైర్లు 215/75 ఆర్15, అంటే ఎత్తు సుమారు 28 అంగుళాలు. అడవి బాటలు, రాళ్ల వాగులు, వానాకాలపు బురదలో తిరగాలని నా కోరిక. రోజూ పనికి వెళ్లేదీ దీని మీదే.

ఈ ఏడాది ఒక్క పెద్ద మార్పుకు సరిపడా డబ్బే ఉంది. బాడీని పైకి లేపే రెండంగుళాల లిఫ్ట్ కిట్టు, 31 అంగుళాల టైర్లు వేయించాలా, లేక వెనక డిఫరెన్షియల్‌కు (ఇరుసు మధ్యలో రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల గుండు) లాకర్, అంటే ఆ రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే పరికరం, పెట్టించాలా? అడిగిన వాళ్లంతా లిఫ్ట్ అనే అంటున్నారు. ఎందుకని అడిగితే, అందరూ అదే చేస్తారని జవాబు. కారణం చెప్పగలిగినవాళ్ల మాట వినాలని ఉంది.

ఎత్తుబండి

కారణం నేను చెబుతాను. బండి పొట్ట రాయి మీద ఆనిందంటే నాలుగు చక్రాలకూ లాకర్లున్నా ముందుకు కదలదు. దారిలో ఆగిపోవడానికి మొదటి కారణం పట్టు లేకపోవడం కాదు, ఎత్తు చాలకపోవడం. రెండంగుళాల లిఫ్ట్‌తో ముందు బంపరు గట్టుకు తగలకుండా ఎక్కే కోణం, వెనక దిగే కోణం, మధ్యలో పొట్ట దాటే కోణం, మూడూ పెరుగుతాయి. 31 అంగుళాల టైరు యాక్సిల్‌ను కూడా ఒకటిన్నర అంగుళం పైకి లేపుతుంది. పెద్ద టైరు గుంతలో తక్కువ దిగుతుంది, రాయిని తేలికగా ఎక్కుతుంది. ఈ లాభం ప్రతి మీటరులోనూ అందుతుంది. లాకర్ చక్రం పట్టు తప్పినప్పుడే అక్కరకొస్తుంది.

ఇరుసు

ఎత్తుబండి గారు చెప్పిన కొలతలు సరైనవే. కానీ వాటిలో లిఫ్ట్ వాటా ఎంత, టైరు వాటా ఎంత అన్నది విడదీయాలి. రిజిడ్ యాక్సిల్ బండిలో అన్నిటికన్నా కింద ఉండేది డిఫరెన్షియల్ గుండు. దాన్ని నేల నుంచి లేపేది టైరు మాత్రమే, అదీ టైరు ఎత్తులో పెరిగిన దానిలో సగం. స్ప్రింగులు పొడవు చేస్తే బాడీ లేస్తుంది, యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. వాగులో రాయి ముందుగా తగిలేది ఆ గుండుకే.

ఇక బండి అసలు ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. ఓపెన్ డిఫరెన్షియల్, అంటే లాకర్ లేనిది, రెండు చక్రాలకూ సమానంగానే బలం పంపుతుంది. ఒక చక్రం గాలిలో లేచిందంటే దాన్ని తిప్పడానికి బలం దాదాపు అక్కర్లేదు. అంతే కొద్ది బలం రెండో చక్రానికీ అందుతుంది. నేల మీద గట్టిగా ఆనిన చక్రం కదలదు, గాలిలోది గిర్రున తిరుగుతుంది. వాగు దాటేటప్పుడు ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం ఒకేసారి తేలిపోతే, ఫోర్ బై ఫోర్ వేసి ఉన్నా బండి అక్కడే నిలబడుతుంది. కొత్త బండ్లలో ఆ తేలిన చక్రాన్ని బ్రేకుతో పట్టే కంప్యూటర్ ఉంటుంది. కొండదారి గారి బండిలో అది లేదు కాబట్టి లాకర్ విలువ ఈ బండికి ఇంకా ఎక్కువ. ల్యాండ్ క్రూజర్ 80 సిరీస్‌కు కంపెనీయే లాకర్లు ఆప్షన్‌గా ఇచ్చింది, జీప్ ర్యాంగ్లర్ రూబికాన్ 2003 మోడల్ నుంచీ ముందూ వెనకా లాకర్లతోనే వచ్చింది. ఆ ఇంజనీర్లు అలంకారానికి పెట్టలేదు.

పెద్ద టైరు తెచ్చే ఖర్చు గురించి ఎవరూ మాట్లాడరు. అదే నా బాధ. 28 నుంచి 31కి వెళ్తే చక్రం చుట్టుకొలత సుమారు 11 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి నిజానికి 88 దాటి పోతుంటుంది. యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చుట్లు) 4.10 అయితే అది 3.7 అయినట్టే. కొండ మీద మొదటి గేరులో, లో రేంజ్‌లో మెల్లగా పాకే శక్తి ఆ మేరకు పోతుంది. ఉన్న బ్రేకులే ఎక్కువ వ్యాసమున్న, ఎక్కువ బరువున్న చక్రాన్ని ఆపాలి. లిఫ్ట్‌తో ముందు యాక్సిల్ పైభాగం ముందుకు వాలి క్యాస్టర్ కోణం (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కు వాలిన కోణం) తగ్గుతుంది, రోడ్డు మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు. యాక్సిల్‌ను అడ్డంగా ఛాసిస్‌కు కట్టే పాన్‌హార్డ్ రాడ్ దాన్ని ఒక పక్కకు లాగుతుంది. బ్రేకు గొట్టాలు పొడవు చాలవు. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి యాక్సిల్‌కు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి వణుకు మొదలవుతుంది. క్యాస్టర్ బుష్‌లు, పొడవు మార్చుకోగల రాడ్, కొత్త గొట్టాలు, చివరికి గేర్ల మార్పు: ఇవన్నీ కొనేసరికి కిట్టు ధర చిన్నదిగా కనిపిస్తుంది. బడ్జెట్ అనే మాట మీద గౌరవం ఉన్నవాళ్లు ఈ మొత్తం ముందే లెక్క వేసుకోవాలి.

ఎత్తుబండి

ఖర్చు గురించిన మాట ఒప్పుకుంటాను, మిగతావి ఒప్పుకోను. లాకర్‌కు కూడా చాటు ఖర్చు ఉంది, దాన్ని ఇరుసు గారు దాటేశారు. పట్టున్న ఒక్క చక్రం మీదే మొత్తం బలం పడితే ఆ చక్రాన్ని తిప్పే పాత హాఫ్ షాఫ్ట్ తెగుతుంది. పక్కకు వాలిన బురద బాటలో వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగితే పక్క పట్టు పూర్తిగా పోయి బండి లోయ వైపు జారుతుంది. ఓపెన్ డిఫ్ ఉంటే ఒక చక్రం జారినా రెండోది బండిని గీతలో నిలుపుతుంది. కొత్తగా నేర్చుకునే మనిషి చేతికి ముందుగా లాకర్ ఇవ్వడం నాకు నచ్చదు.

ఇంకొకటి. చక్రం గాలిలో లేవడానికి కారణమే సస్పెన్షన్ చాలినంత కిందికి సాగకపోవడం. మంచి లిఫ్ట్ కిట్టులో స్ప్రింగుతోపాటు షాక్ అబ్సార్బరు పొడవూ పెరుగుతుంది, చక్రం నేలను వదలదు. జబ్బు మూలానికి చేసే వైద్యం అదే. స్ప్రింగు మీద దిమ్మ పెట్టి లేపే చౌక స్పేసర్ల గురించి నేను మాట్లాడటం లేదు. వాటివల్ల ఎత్తు వస్తుంది, సాగుదల రాదు.

పాత పానా

ఇద్దరూ బండి కిందికి చూడకుండానే వాదించుకుంటున్నారు. 14 ఏళ్ల బండి అది! కొండదారి గారూ, లిఫ్టూ వద్దు, లాకరూ వద్దు, ముందు నేల మీద పడుకుని చూడండి. ఛాసిస్ మీద స్ప్రింగులు కూర్చునే చోట, వెనక అడ్డపట్టీల లోపల తుప్పు ఉందేమో చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము మోగుతుంది, తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. రెండు డిఫరెన్షియళ్ల ఆయిలు, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు తీసి చూడండి. పాలలాగా తెల్లబడిందంటే నీళ్లు చేరాయి. చక్రాన్ని జాకీ మీద లేపి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. వదులుగా ఊగితే బేరింగో, చక్రం పక్కలకు తిరిగే కింగ్ పిన్నో పోయినట్టు. టై రాడ్ ఎండ్లు, యాక్సిల్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే రేడియస్ ఆర్మ్‌ల బుష్‌లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చేయండి.

టైరు పక్కన డాట్ అనే గుర్తు తర్వాత చివర నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారీ. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు ముసలిదైతే రాళ్ల మీద పక్కగోడ చీలుతుంది.

ఇంకో సంగతి, దీనికి నా దగ్గర రాజీ లేదు. ముందొకటి, వెనకొకటి ఛాసిస్‌కు బిగించిన లాగుడు కొక్కేలు, లెక్క ప్రకారం బరువు మోయగలవి, పెట్టించండి. ట్రెయిలర్ లాగే బంతికి తాడు కట్టి ఇరుక్కున్న బండిని ఎప్పుడూ లాగకండి. ఆ బంతి విరిగి గుండులా ఎగిరి మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. లిఫ్టూ లాకరూ రెండూ మిమ్మల్ని ఇంకా లోపలికి తీసుకెళ్లి ఇరికిస్తాయి, బయటికి తెచ్చేవి ఇవే.

కొండదారి

పాత పానా గారు చెప్పినట్టే చూశాను. ఛాసిస్ గట్టిగానే ఉంది. ముందు డిఫరెన్షియల్ ఆయిలు తెల్లగా వచ్చింది. టైర్ల గాళ్లు బాగున్నా, అవి తయారై పదేళ్లు దాటింది. అంటే టైర్లు ఎలాగూ కొనాలి. ఇప్పుడు ప్రశ్న మారింది: లిఫ్ట్ లేకుండా ఎంత టైరు పడుతుంది? లాకర్లలో ఏ రకం?

ఇరుసు

ఇంత వివరంగా చూసినందుకు సంతోషం. ముందు ఆ తెల్ల ఆయిలు సంగతి. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి వాగు నీటిలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, సీలు దగ్గర నీళ్లను లోపలికి పీలుస్తుంది. మూసుకుపోయిన బ్రీదర్ (డిఫరెన్షియల్‌కు గాలి ఆడే రంధ్రం) తీసేసి, దాని గొట్టాన్ని ఇంజన్ గది పైవరకూ తీసుకెళ్లండి. ఖర్చు చాలా స్వల్పం, దీన్ని మించిన చౌక మార్పు ఈ బండికి లేదు. చక్రాల దగ్గరి సీళ్లు కూడా మార్చి ఆయిలు రెండుసార్లు మార్పించండి.

టైరు 235/75 ఆర్15 ఆల్ టెరైన్ తీసుకోండి. ఎత్తు సుమారు 29 అంగుళాలు. యాక్సిల్ కింద పెరిగేది 15 మిల్లీమీటర్లే, నిజమే. కానీ గేర్ల లెక్క పెద్దగా చెడదు, స్ప్రింగులు ముట్టనక్కర్లేదు. దానితోపాటు మంచి ప్రెషర్ గేజి, చిన్న కంప్రెసరు. రోడ్డు మీద ఉండే 30 పీఎస్ఐ చుట్టుపక్కల గాలిని రాళ్ల బాటలో 18కి తగ్గిస్తే టైరు నేలను పట్టుకునే పొడవు పెరుగుతుంది, రాయి చుట్టూ ఒదుగుతుంది. 12 కిందికి వెళ్తే మామూలు రిమ్ములో టైరు అంచు ఊడే భయం ఉంది. తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపాలి. ఇది చేశాక చాలా చోట్ల లాకర్ అవసరం కూడా రాదని నేనే చెబుతున్నాను.

మిగిలిన డబ్బుతో లాకర్. ఉన్న డిఫరెన్షియల్ గూడులోనే లోపలి చిన్న గేర్లు తీసి అమర్చే ఆటోమేటిక్ రకం అన్నిటికన్నా చౌక. క్రౌన్, పినియన్ అనే పెద్ద గేర్లు కదలవు కాబట్టి వాటి సందు మళ్లీ కొలిచి సర్దే పని లేదు. అయితే దాన్ని వెనక పెట్టకండి. రోజూ తడి రోడ్డు మీద నడిచే తేలిక బండికి, మలుపులో కాలు తీసి వేసినప్పుడు అది వెనక భాగాన్ని పక్కకు నెడుతుంది. మీకు చేత్తో తిప్పే హబ్బులున్నాయి, కాబట్టి ముందు యాక్సిల్‌లో పెట్టండి. రోడ్డు మీద హబ్బులు ఫ్రీలో ఉంటే లాకర్ ఉన్నట్టే తెలియదు. బాట మీద స్టీరింగ్ బరువుగా ఉంటుంది, మలుపు వెడల్పు అవుతుంది, దానికి సిద్ధపడాలి. ముందు డిఫరెన్షియల్ సీళ్ల కోసం ఎలాగూ విప్పుతున్నారు, కూలి ఒక్కసారితో పోతుంది.

ఎత్తుబండి

ముందు యాక్సిల్‌లో ఆటోమేటిక్ లాకరా! స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఒక చక్రం రాళ్ల మధ్య ఇరికి, కాలు గట్టిగా నొక్కితే తెగేది చక్రం దగ్గరి సీవీ జాయింటు (తిరిగిన చక్రానికీ బలం చేర్చే కీలు). తిప్పిన కోణంలో అది అతి బలహీనంగా ఉంటుంది. డబ్బు కూడి వెనకకు గాలితో పనిచేసే లాకర్ వచ్చేదాకా ఆగమంటాను. అవసరమైనప్పుడే పడుతుంది, రోడ్డు మీద ఓపెన్‌గా ఉంటుంది. గూడు మార్చి గేర్ల సందు డయల్ గేజితో సర్దాలి, ఖర్చు ఎక్కువే, కానీ ఒక్కసారి పెట్టేది.

ఇరుసు

సీవీ జాయింటు సంగతి నిజం. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు కాలు నొక్కకూడదన్నది ముందు లాకర్ ఉన్న ప్రతివాళ్లూ పాటించాల్సిన నియమం. గాలి లాకర్ మేలన్నదీ నిజం. కానీ ఈ ఏడాది డబ్బు ఇంతే అని ఆయన మొదటి మాటలోనే చెప్పారు. ఉన్న డబ్బులో ఇమిడే జవాబు నాది.

ఎత్తుబండి

టైరు విషయంలో ఇక వాదించను, 235/75 సరే. అయితే కొండదారి గారూ, నాలుగూ కొనే ముందు ఒక్కటి అరువు తెచ్చి ముందు చక్రానికి బిగించి చూడండి. ఆ చక్రాన్ని గట్టు ఎక్కించి స్ప్రింగు పూర్తిగా నొక్కుకునేలా నిలబెట్టండి, స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పించండి. ఫెండరు లైనరు, బంపరు మూల, రేడియస్ ఆర్మ్, ఈ మూడు చోట్లా చెయ్యి దూర్చి సందు కొలవండి. రేడియస్ ఆర్మ్‌కు తగులుతుంటే స్టీరింగ్ స్టాపు బోల్టు కాస్త బయటికి తిప్పితే సరిపోతుంది. ఫెండరుకు తగిలితే కొలత ఇక్కడ రాయండి, కోయాలో వద్దో అప్పుడు చెబుతాను.