టోక్యో చలికి బుగ్గలు పొలుసులు లేస్తున్నాయి: జపాన్ పద్ధతిలో కనీసం ఏమేం చాలు?

చలిపొద్దు:
డిసెంబరు నుంచి బుగ్గలు బిరుసెక్కి పొలుసులు లేస్తున్నాయి. గడ్డం దగ్గరేమో చిన్న చిన్న మొటిమలు. క్లెన్సింగ్ ఆయిల్ (మేకప్, సన్‌స్క్రీన్ కరిగించే నూనె), మొహం కడిగే ఫోమ్, కెషోసుయి (ఇక్కడి నీళ్లలాంటి లోషన్), న్యూయెకి (పాలలాంటిది), సన్‌స్క్రీన్ వాడుతున్నాను. ఆయిల్ కడిగాక కూడా జిడ్డు వదలదు, లోషన్ రాసిన పది నిమిషాలకే చర్మం బిగుసుకుంటుంది. సీరమ్‌లు, మాస్కులు వద్దు. ఏళ్ల తరబడి విసుగు లేకుండా చేయగలిగేది చెప్పండి.

నురుగుబంతి:
మొటిమల విషయంలో నా అనుమానం ఆయిల్ మీదే. తడి చేతులతో వాడొచ్చని సీసా మీద రాసి ఉంటే తప్ప చేతులు, మొహం పొడిగా ఉండాలి. రెండు మూడు పంపులు తీసుకోండి. తక్కువైతే వేళ్లు జారవు, చర్మం ఒరుసుకుపోతుంది. నిమిషం లోపే ముగించాలి. ఆ తర్వాతిదే చాలామంది దాటేసే పని: వేళ్లను గోరువెచ్చని నీళ్లతో తడిపి మళ్లీ మొహమంతా తిప్పాలి. నూనె పాలలా తెల్లబడుతుంది. దీన్నే న్యూకా అంటారు. నూనెలోని ఎమల్సిఫయర్ (నూనెను నీళ్లలో కలిసేలా చేసే పదార్థం) నీళ్లతో కలిస్తేనే మురికి కొట్టుకుపోతుంది. తెల్లబడకముందే నీళ్లు కొట్టేస్తే దవడ అంచున, గడ్డం కింద, జుట్టు మొదట్లో జిడ్డు నిలిచిపోతుంది. కొబ్బరినూనె దీనికి బదులు కాకపోవడానికి కారణమూ ఇదే. అందులో ఎమల్సిఫయర్ ఉండదు, వదిలించాలంటే సబ్బుతో రుద్దాలి.

మేకప్ లేని రోజు, సన్‌స్క్రీన్ మీద ‘సెక్కెన్ దె ఒతోసెరు’ (సబ్బుతో పోతుంది) అని ఉంటే ఆయిల్ మానేయండి. ఫోమ్ ఒక సెంటీమీటరు చాలు. నెట్‌తో గిలకొట్టి, అరచేయి తిరగేసినా జారిపడనంత గట్టి నురుగు చేయాలి. ముందు నుదురు, ముక్కు, చివర్లో బుగ్గలు. చర్మానికి తగలాల్సింది నురుగు, వేళ్లు కాదు. నలుగు పెట్టినట్టు రుద్దడం ఇక్కడ పనికిరాదు. బుగ్గలు తేరుకునేదాకా పొద్దున పూట వట్టి నీళ్లతో కడిగితే చాలు.

తడిచేయి:
బిగుతు సంగతి. కెషోసుయిలో ఎక్కువ భాగం నీళ్లు, గ్లిజరిన్, హైలురోనిక్ యాసిడ్ లాంటివే. అది తడిపెడుతుంది గానీ ఆ తడిని ఆపలేదు. పైన న్యూయెకి పడకపోతే పొడిగాలికి ఆరిపోతుంది. అరచేతిలో 500 యెన్ల నాణెం అంత (దాదాపు 2.6 సెంటీమీటర్ల వెడల్పు) లోషన్ పోసుకుని మొహానికి అద్ది పట్టుకోండి. అరచేతులతో చప్పుడయ్యేలా తట్టితే లోపలికి ఇంకదు, ఎర్రబడుతుందంతే. తేమ ఉండగానే 10 యెన్ల నాణెం అంత న్యూయెకి, బుగ్గల నుంచి మొదలుపెట్టి. పొలుసుల మీద కాటన్‌తో తుడవొద్దు. లోషన్ మండితే కొన్నాళ్లు మానేసి క్రీమ్ ఒక్కటే రాయండి.

మీ సీసా మీద ‘సప్పరి’ అని ఉందేమో చూడండి. అది తేలికరకం, ఎండాకాలానికి. చలికి ‘షిత్తోరి’ (తేమ ఎక్కువిచ్చే రకం) కావాలి. రోహ్తో కంపెనీ వాళ్ల హదా లాబో గొకుజ్యున్ లోషన్‌లోనూ ఈ రకాలున్నాయి. రీఫిల్ పౌచ్‌లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తొందరలో తారుమారవుతాయి.

చలిపొద్దు:
సప్పరే అండి! సన్‌స్క్రీన్ చలికాలంలోనూ తప్పదా? మచ్చలకు ‘బిహాకు’ అని రాసినవి పనిచేస్తాయా?

నీడపట్టు:
తప్పదు. ఎండ కిరణాల్లో చర్మం కమిలేలా చేసే యూవీబీ చలికాలంలో బాగా తగ్గుతుంది గానీ యూవీఏ అంత తగ్గదు, కిటికీ అద్దం గుండా కూడా వస్తుంది. సన్‌స్క్రీన్ మీది పీఏ గుర్తు యూవీఏ నుంచి రక్షణ ఎంతో చెప్పడానికే, ప్లస్‌లు పెరిగేకొద్దీ రక్షణ ఎక్కువ. జపాన్ దీన్ని 1996లో మొదలుపెట్టింది, నాలుగో ప్లస్ 2013లో వచ్చింది. ఆఫీసుకు వెళ్లొచ్చే రోజులకు ఎస్‌పీఎఫ్ (యూవీబీ నుంచి రక్షణ చెప్పే అంకె) 30, పీఏ+++ సరిపోతుంది. రాసే పరిమాణమే ముఖ్యం. ద్రవమైతే ఒక యెన్ నాణెం అంత (2 సెంటీమీటర్లు), క్రీమ్ అయితే ముత్యమంత రాసి, మళ్లీ అంతే ఇంకోసారి. ఊపితే లోపల గోళీ టకటకలాడే సీసాలో జింక్ ఆక్సైడ్ అడుగున పేరుకుంటుంది. ఊపకుండా పోస్తే పైన తేలిన పల్చటి ద్రవమే వస్తుంది, రక్షణ సీసాలోనే ఉండిపోతుంది.

బిహాకు అంటే తెల్లబడటం కాదు. మెలనిన్ (చర్మానికి రంగునిచ్చేది) తయారీని తగ్గించి మచ్చలు రాకుండా ఆపుతుందని చెప్పుకోవడానికే జపాన్‌లో అనుమతి. ట్రానెక్సామిక్ యాసిడ్ ఆ కోవలోదే. ఉన్న మంగు చెరిగిపోతుందని ఆశపడకండి. రోడోడెనాల్ కలిపిన బిహాకు ఉత్పత్తులు వాడినవారిలో తెల్లమచ్చలు రావడంతో 2013 జులైలో కనెబో వాటిని వెనక్కి తీసుకుంది. కొత్తది రాశాక రంగులో తేడా కనిపిస్తే ఆపేసి డాక్టరుకు చూపించండి.

తడిచేయి:
ఇంకొకటి. మూడేళ్లకు మించి నిలిచే వాటికి ఇక్కడ గడువు తేదీ వేయనక్కర్లేదు, అందుకే సీసాల మీద తేదీ కనపడదు. మూత తీసిన రోజు మార్కర్‌తో అడుగున రాసుకోండి. పోయినేడాది సన్‌స్క్రీన్ మిగిలితే పారేయండి.